ఒకే సీడీ, రెండు రిపోర్టులు: నల్లగొండలో గుండె స్కాన్ మళ్లీ చదివించుకున్నాం

గుండె నాళాల్లో పూడికలు చూసే సీటీ యాంజియోగ్రామ్ స్కాన్ చేయించుకుంటే చేతికొచ్చేవి రెండు: ఒక సీడీ, ఒక రిపోర్టు. సీడీని ఇంట్లో ఎవరూ చూడలేరు. ఓపీ రద్దీలో ఉన్న డాక్టర్లు కూడా దాన్ని తెరిచి చూసేది తక్కువే. అంటే వేలకు వేలు పోసి, చేతికి సూది గుచ్చించుకుని, ఊపిరి బిగబట్టి తీయించుకున్న స్కాన్ విలువంతా ఆ రెండు పేజీల కాగితం మీదే నిలబడి ఉంటుంది. ఆ కాగితం తేటగా రాస్తే ఏమవుతుందో, డొంకతిరుగుడుగా రాస్తే ఏమవుతుందో మా మేనమామ విషయంలో రెండూ చూశాను.

నేను రివ్యూ చేస్తున్నది నల్లగొండలోని ఒక స్కానింగ్ సెంటరులో దొరికే సేవ గురించి. బయట ఎక్కడో తీసిన సీడీని పట్టుకెళ్తే, వాళ్ల రేడియాలజిస్టు (స్కాన్ బొమ్మలు చదివే డాక్టర్) దాన్ని మొదటి నుంచి మళ్లీ చూసి కొత్త రిపోర్టు రాసిస్తారు. మా దగ్గర 1,500 రూపాయలు తీసుకున్నారు. సెంటరు పేరు రాయడం లేదు. స్కాన్ తీసిన మొదటి సెంటరు మీద నాకు ఫిర్యాదు ఉంది. దాని పేరు చెప్పకుండా రెండో దాని పేరు మాత్రం చెప్పడం నాకు సబబుగా అనిపించలేదు. ఎక్కడ చేయించుకున్నా చూసుకోవాల్సినవి ఇవే కాబట్టి పేరు లేకపోయినా ఇది పనికొస్తుందనుకుంటున్నాను.

నాది దేవరకొండలో మెడికల్ షాపు. బీఫార్మసీ చదివి, పెళ్లయినప్పటి నుంచి కౌంటర్లోనే ఉంటున్నాను. గోళీల కోసం వచ్చిన వాళ్లు సంచిలోంచి రిపోర్టు తీసి "అక్కా, జర సూడు, ఏమన్న ఉన్నదా?" అని అడగడం మాకు రోజూ ఉండేదే. రక్త పరీక్షలైతే పక్కన నార్మల్ ఎంతో రాసి ఉంటుంది కాబట్టి ఏదో ఒకటి చెప్పి ధైర్యం ఇవ్వగలం. స్కాన్ రిపోర్టులైతే అలా కాదు. అందులో వాక్యాలుంటాయి. ఆ వాక్యాలు రాసినాయన మనసులో ఏముందో మనం ఊహించుకోవాలి.

మా మామకు అరవై దాటాయి. గుర్రంపోడు వైపు బత్తాయి తోట ఉంది. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది, బీపీ గోళీలు వేసుకుంటాడు. పోయిన చలికాలంలో తోటలో నడుస్తుంటే ఛాతి మధ్యలో పట్టేసినట్టు, ఎడమ దవడ లాగినట్టు అవుతోందని, కాసేపు గట్టు మీద కూర్చుంటే తగ్గుతోందని చెప్పాడు. ఇంట్లో అందరూ గ్యాస్ అనుకున్నారు. నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పిని గ్యాస్ అనుకోవద్దని నేనే గట్టిగా పట్టుబట్టి చూపించాను. ఈసీజీలో పెద్దగా ఏమీ లేదు. టూడీ ఎకోలో గుండె బాగానే కొట్టుకుంటోంది. మోకాళ్ల నొప్పుల వల్ల ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తలేడు కాబట్టి డాక్టర్ సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ రాశారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద సెంటరులో తీయించాం. 9,500 అయింది.

స్కాన్ తీసిన విధానంలో అక్కడ వంక పెట్టడానికి లేదు, అది ముందే చెప్పాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశాకే లోపలికి తీసుకెళ్లారు. నాడి 78 ఉంటే మెటోప్రొలాల్ గోళీ ఇచ్చి, అరవై దగ్గరికి దిగేదాకా కూర్చోబెట్టారు. గుండె ఎంత నిదానంగా కొట్టుకుంటే బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది. నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే కొట్టారు, దానివల్ల నాళాలు విప్పారి బాగా కనిపిస్తాయి. బొమ్మలో నాళాలు కనిపించడానికి ఎక్కించే డై ఒంట్లోకి వెళ్లేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టు ఉంటుందని, భయపడొద్దని ముందే చెప్పారు. ఇక్కడ మెడికల్ షాపు మనిషిగా ఒక మాట. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి గోళీలు వాడే మగవాళ్లు ఆ స్ప్రే కొట్టకముందే టెక్నీషియన్‌కు చెప్పి తీరాలి. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఇంటివాళ్లు పక్కనుంటే చెప్పడానికి మొహమాటపడతారు, అందుకే ఫారం మీద ఆ ప్రశ్న రాసి అడిగే సెంటరు మంచిది. ఈ సెంటరులో అడిగారు.

ఇంత శ్రద్ధగా తీసిన స్కాన్‌కు వాళ్లిచ్చిన రిపోర్టు చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఒకటిన్నర పేజీ వర్ణన. ఏ నాళం ఎక్కడ పుట్టింది, ఎటు తిరిగింది, ఎన్ని కొమ్మలు వేసింది అంతా ఉంది. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి "ఎల్ఏడీ మధ్య భాగంలో మోడరేట్ టు సిగ్నిఫికెంట్ డిసీజ్, ఆర్‌సీఏలో ప్లాక్స్, ఎల్‌సీఎక్స్‌లో గోడలు కాస్త గరుకు" అని రాసి, చివర "క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్" అని, అంటే రోగి లక్షణాలతో కలిపి డాక్టరే చూసుకోవాలని వదిలేశారు. ఆ మూడు పేర్లూ గుండెకు రక్తం ఇచ్చే ముఖ్యమైన నాళాలవి; ప్లాక్స్ అంటే పూడికలు. ఎంత శాతం సన్నబడిందో లేదు. క్యాల్షియం స్కోరు అంకె ఒకటి మొదటి పేజీలో ఎక్కడో ఉంది కానీ, చివర్లో దాని ఊసే లేదు. బొమ్మలు ఎంత బాగా వచ్చాయో, ఎక్కడైనా మసకబారాయో కూడా రాయలేదు.

మోడరేట్ అంటే ఒక దారి, సిగ్నిఫికెంట్ అంటే ఇంకో దారి. ఆ రెండింటి మధ్య "టు" పెడితే దారి ఎంచుకునే భారం చదివే వాళ్ల మీద పడుతుంది. అదే జరిగింది. ఆ రిపోర్టు చూసి ఒక డాక్టర్ "చేతి యాంజియో చేసి, అక్కడే స్టెంటు వేసేద్దాం" అన్నారు. చేతి యాంజియో అంటే చేతి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి గుండె నాళాలు చూడటం. ఇంకొకాయన "మందులు చాలు, ఆర్నెల్లకు రండి" అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఒకరు సిగ్నిఫికెంట్ అన్న మాట పట్టుకున్నారు, మరొకరు మోడరేట్ అన్న మాట. నేను వాళ్లలో ఎవరినీ తప్పు పట్టను. వాళ్ల చేతికిచ్చిన కాగితం అలాంటిది.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. మా అత్తమ్మ టూడీ ఎకో రిపోర్టులో "ఈఎఫ్ 60 శాతం" చూసి, అరవై శాతం బ్లాకు ఉందని ఏడ్చింది. ఈఎఫ్ అంటే గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం బయటికి తోస్తుందనే లెక్క, అరవై అంటే బాగున్నట్టని ఎంత చెప్పినా నమ్మలేదు. ఈ పొరపాటు మా కౌంటర్లో లెక్కలేనన్ని సార్లు చూశాను. ఎకోలో శాతం వేరు, బ్లాకులో శాతం వేరు. ఒకటి ఎక్కువుంటే మంచిది, ఒకటి ఎక్కువుంటే ప్రమాదం. రెండు రిపోర్టులూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టిస్తారు, రెంటి తేడా మాత్రం ఎవరూ చెప్పరు. క్యాల్షియం స్కోరు అన్న మాట చూసి మామకు పాలు, పెరుగు కూడా బంద్ చేసింది. పూడిక పాతబడ్డ చోట సున్నం పేరుకుంటుంది, దాన్నే స్కోరుగా లెక్కేస్తారు. పాలు మానితే అది తగ్గేది కాదు.

అలాంటి సమయంలో మా షాపుకు వచ్చే ఒక మెడికల్ రెప్ నల్లగొండ సెంటరు గురించి చెప్పాడు. స్కాన్ మళ్లీ తీయక్కర్లేదు, మళ్లీ రేడియేషన్, మళ్లీ డై అక్కర్లేదు, సీడీ ఉంటే చాలన్నాడు. కొండమల్లేపల్లి మీదుగా బస్సులో వెళ్లాం. సీడీతో పాటు పాత రిపోర్టు, ఎకో, షుగర్, క్రియాటినిన్, వాడుతున్న మందుల చీటీ అన్నీ తీసుకున్నారు. రిసెప్షన్‌లో అమ్మాయి సీడీని కంప్యూటర్లో పెట్టి, బొమ్మలన్నీ తెరుచుకుంటున్నాయో లేదో మా ముందే చూసింది. ఇది చిన్న విషయం కాదు. కొన్ని సీడీల్లో ఎంపిక చేసిన నాలుగైదు బొమ్మలే ఉంటాయి, పల్చటి ముక్కలుగా తీసిన అసలు డేటా ఉండదు. అది లేకపోతే మళ్లీ చదవడం కుదరదని, అలా అయితే డబ్బులు తీసుకోమని ముందే చెప్పింది.

రిపోర్టు మరుసటి రోజు సాయంత్రం ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. రేడియాలజిస్టు మేడం మమ్మల్ని లోపలికి పిలిచి స్క్రీన్ మీద చూపించారు. ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఆ పావుగంటే.

గుండె ముందు భాగంలో కిందికి దిగే నాళాన్ని ఎల్ఏడీ అంటారు. అది నిజానికి వంకర్లు తిరిగి ఉంటుంది. కంప్యూటర్ దాన్ని సాగదీసి నిటారుగా పరిచినట్టు చూపిస్తుంది. అలా పరిచిన నాళం తెల్లగా మెరుస్తోంది, అది డై ఉన్న రక్తం. మధ్యలో ఒకచోట గోడ పక్కన బూడిద రంగు మెత్తటి మచ్చ, దాన్ని ఆనుకుని ఇంకా తెల్లగా రెండు చుక్కలు. బూడిద రంగుది కొవ్వు పూడిక, చుక్కలు సున్నం. మామ చాలాసేపు చూసి, "మా డ్రిప్పు పైపులల్ల ఉప్పు పట్టినట్టే ఉన్నది గద మేడం" అన్నాడు. మేడం అవునన్నారు, కానీ ఇది పైపు లోపల అతుక్కున్నది కాదని, గోడలోపలే పెరిగి గోడను లోపలికి నెట్టిందని, అందుకే గీకి తీసేయడం కుదరదని చెప్పారు.

తర్వాత కొలిచి చూపించారు. పూడికకు కొంచెం పైన, నాళం బాగున్న చోట వెడల్పు 3.1 మిల్లీమీటర్లు. అతి సన్నగా ఉన్న చోట 1.3. అంటే సుమారు 58 శాతం సన్నబడింది. "మరి 58 అని రాయొచ్చు కదా మేడం?" అని నేనడిగాను. సీటీ స్కాన్ అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే నికరంగా చూడగలదని, మూడు మిల్లీమీటర్ల నాళంలో అర మిల్లీమీటరు తేడా వస్తే శాతం ఎంతో మారిపోతుందని, సున్నం ఉన్న చోట బొమ్మలో అది ఉబ్బినట్టు కనబడి పూడిక ఎక్కువగా అనిపిస్తుందని చెప్పారు. అందుకే ఒక్క అంకె కాకుండా 50 నుంచి 69 అని ఒక వరస రాస్తారు. ఎంతవరకు నమ్మకంగా చెప్పగలరో అంతే చెప్పడం అది. 58 అని రాస్తే కచ్చితంగా కనిపించేది కానీ, నిజానికి అంత కచ్చితత్వం ఆ స్కాన్‌లో లేదు.

ఇంకోటి కూడా ఆమె చెబితేనే తెలిసింది. ఈ శాతం వెడల్పు లెక్క, రక్తం పారే జాగా లెక్క కాదు. వెడల్పు సగానికి తగ్గితే లోపలి జాగా ముప్పావు వంతు తగ్గినట్టు. ఒకరు వెడల్పు లెక్కన, ఒకరు జాగా లెక్కన చెబితే ఒకే పూడిక ఒకరి నోట 50, ఇంకొకరి నోట 75 అవుతుంది. అందరూ ఒకే లెక్క వాడాలనేది ఇందుకే.

ఇక కొత్త రిపోర్టు. వర్ణన ఇందులోనూ ఉంది, కానీ చివర సారాంశంగా రాసే ఇంప్రెషన్‌లో మొదటి వరుసే "క్యాడ్-రాడ్స్ 3, పీ2" అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద నాళం వారీగా: ఎల్ఏడీ మధ్య భాగంలో 50–69 శాతం, ఆర్‌సీఏలో 25–49 శాతం, ఎల్‌సీఎక్స్‌లో 25 కంటే తక్కువ, ఎడమ మెయిన్ (ఎడమవైపు నాళాల మొదలు) బాగుంది. క్యాల్షియం స్కోరు 186. బొమ్మల నాణ్యత బాగుంది, చదవలేని భాగాలు లేవు. ప్రమాదకరమైన మెత్తటి పూడిక లక్షణాలు కనిపించలేదు. ఆ తర్వాత ఒక్క వాక్యం: రక్తసరఫరా తగ్గుతోందో లేదో తెలుసుకునే పరీక్ష పరిశీలించవచ్చు, మందులతో నివారణ చికిత్స అవసరం.

క్యాడ్-రాడ్స్ అంటే గుండె నాళాల సీటీ రిపోర్టును అందరూ ఒకే పద్ధతిలో రాయడానికి పెట్టుకున్న కొలబద్ద. అమెరికాలోని గుండె సీటీ నిపుణుల సొసైటీ, రేడియాలజీ కాలేజీ వంటి సంస్థలు కలిసి 2016లో తెచ్చాయి. 2022లో 2.0 అని సవరించాయి. రొమ్ము మామోగ్రామ్‌కు బైరాడ్స్ అనే గ్రేడు చూసే ఉంటారు, అది 1990ల నుంచే ఉంది. దాని బాటలోనే ఇదీ వచ్చింది. సున్నా అంటే పూడికే లేదు. 1 అంటే 24 శాతం లోపు, 2 అంటే 25 నుంచి 49, 3 అంటే 50 నుంచి 69. నాలుగును రెండుగా విడదీశారు: ఒకటి రెండు నాళాల్లో 70 నుంచి 99 శాతం ఉంటే 4ఏ, మూడు నాళాల్లోనూ 70 పైన ఉన్నా, లేదా ఎడమ మెయిన్‌లో 50 శాతం ఉన్నా 4బీ. అయిదు అంటే ఒక నాళం పూర్తిగా మూసుకుపోయింది. ఎడమ మెయిన్‌కు 50 శాతమే అంత పెద్ద విషయం ఎందుకంటే, గుండె ఎడమవైపుకు వెళ్లే రక్తం చాలావరకు ఆ ఒక్క మొదలు గుండానే వెళ్తుంది.

పీ అన్నది 2022లో చేరింది. గ్రేడు అతి సన్నగా ఉన్న ఒక్క చోటును బట్టి వస్తుంది. కానీ మిగతా నాళాల్లో మొత్తం ఎంత పూడిక పేరుకుందో ఆ అంకె చెప్పదు. ఆ మొత్తాన్ని పీ చెబుతుంది. క్యాల్షియం స్కోరు ప్రకారమైతే 100 లోపు పీ1, 300 దాకా పీ2, 999 దాకా పీ3, వెయ్యి నుంచి పీ4. మామది 186 కాబట్టి పీ2. ఒకే క్యాడ్-రాడ్స్ 2 వచ్చిన ఇద్దరిలో ఒకరికి పీ1, ఒకరికి పీ3 ఉంటే, రెండో ఆయన మందుల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. అందుకే నాకు అంకె కంటే ఈ పీ మీదే గురి. పాత పద్ధతిలో రాసే సెంటర్లు చాలా వరకు దీన్ని ఇంకా రాయడం లేదు. మీ రిపోర్టులో లేకపోతే అడగండి.

గ్రేడు పక్కన వచ్చే అక్షరాలు కూడా చూడాలి. ఎస్ అంటే స్టెంటు ఉంది, జీ అంటే బైపాస్ నాళం ఉంది. ఎన్ అంటే కొంత భాగం సరిగ్గా కనిపించలేదు. గుండె వేగంగా కొట్టుకున్నా, ఊపిరి వదిలేసినా ఇలా వస్తుంది. "ఎన్" ఉన్న రిపోర్టును బాగుందని అనుకోవద్దు. ఆ భాగం గురించి ఇంకా ఏమీ తెలియలేదని అర్థం. హెచ్ఆర్‌పీ అని ఉంటే పూడిక తీరు ప్రమాదకరంగా ఉందని, శాతం తక్కువైనా డాక్టర్ దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లాలని తెలుసుకోండి.

బయటికొచ్చాక మామ మొహం మాడిపోయింది. "మూడో స్టేజీ అంటున్నరా బిడ్డా?" అన్నాడు. ఊళ్లో "మూడో స్టేజీ" అనే మాట క్యాన్సర్‌కే వింటాం కాబట్టి ఆయన అలా భయపడటంలో తప్పు లేదు. ఇది స్టేజీ కాదని, రోగం ముదురుతున్న మెట్ల లెక్క కాదని, నాళం ఎంత సన్నబడిందో చెప్పే వరస మాత్రమేనని బస్టాండు దాకా చెబుతూనే వచ్చాను. ఈ భయం ఆయన ఒక్కడిదే కాదు. గ్రేడు వేసే ప్రతి సెంటరూ ఇది దృష్టిలో పెట్టుకోవాలి. డాక్టరుకు తేటగా ఉన్న అంకె, రోగికి ఉరుములా వినిపించవచ్చు.

ఆ రిపోర్టు పట్టుకుని కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్తే ఓపీలో సంభాషణే మారిపోయింది. ఆయన ఇంప్రెషన్ చదివి, సీడీలో ఎల్ఏడీ మాత్రం తెరిచి చూసి, "మూడు కాబట్టి ఈ పూడిక వల్ల నిజంగా రక్తం తగ్గుతోందా అన్నది తేల్చాలి" అన్నారు. మోకాళ్లు సహకరించవు కాబట్టి డోబుటమైన్ ఇంజెక్షన్‌తో స్ట్రెస్ ఎకో రాశారు. ఆ మందుతో గుండె వేగంగా కొట్టుకునేలా చేసి, గోడలు సరిగ్గా కదులుతున్నాయా అని చూస్తారు. బాగా కదిలాయి. స్టెంటు ఇప్పుడు అక్కర్లేదన్నారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మోతాదు పెంచారు, ఆస్పిరిన్, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ ఇచ్చారు, షుగర్ అదుపులో పెట్టమన్నారు. నొప్పి ఎక్కువైనా, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా ఆగకుండా రావాలని చెప్పారు. పరీక్షలో తేడా వచ్చి ఉంటే చేతి యాంజియోకే వెళ్లేవాళ్లం, దానికీ మేం సిద్ధమే. మాకు కావాల్సింది ఏదో ఒక దారి కాదు, ఎందుకు ఆ దారో తెలియడం. మొదటి రిపోర్టుతో స్టెంటుకు ఒప్పుకున్నా, వద్దన్నా గుడ్డిగా చేసినట్టే ఉండేది.

మందుల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, రోజూ నా చేతుల మీదుగా వెళ్లేవి అవే కాబట్టి. స్కాట్లాండ్‌లో 4,146 మంది ఛాతినొప్పి రోగులతో స్కాట్-హార్ట్ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం మందికి మామూలు పరీక్షలు, సగం మందికి అదనంగా సీటీ యాంజియో చేశారు. 2018లో అయిదేళ్ల ఫలితాలు వచ్చాయి. గుండెజబ్బుతో చనిపోవడం లేదా గుండెపోటు రావడం మామూలు గుంపులో 3.9 శాతం, సీటీ గుంపులో 2.3 శాతం. అయిదేళ్లు గడిచేసరికి స్టెంట్లు, బైపాస్‌లు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. సీటీ గుంపులో ఎక్కువ మంది నివారణ మందులు మొదలుపెట్టారు; తేడా ఎక్కువగా అందువల్లే వచ్చిందని పరిశోధకుల అభిప్రాయం. అంటే స్కాన్ తనంతట తాను ఎవరినీ కాపాడదు. రిపోర్టు చదివి సరైన మందు రాస్తేనే, ఆ మందు మానకుండా వేసుకుంటేనే దానికి ఫలం. రిపోర్టు తేటగా ఉంటే మనిషి గోళీ మానడు, ఇది నా కౌంటర్ అనుభవం. "గోడలు కాస్త గరుకు" అని చదివిన వాళ్లు రెండో నెల స్టాటిన్ మానేస్తారు. "ఆర్‌సీఏలో 25 నుంచి 49, మందు అవసరం" అని చదివిన మామ ఇప్పుడు గోళీ అయిపోకముందే ఫోన్ చేస్తాడు.

నల్లగొండ సెంటరులో నచ్చనివి కూడా చెప్పాలి. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. మేడం నోటితో అంత బాగా చెప్పింది తెలుగులో అరపేజీ కాగితం మీద ఇస్తే ఇంటికెళ్లాక అత్తమ్మ కూడా చదువుకునేది. మేం అడిగాం కాబట్టి లోపలికి పిలిచారు. అడగని వాళ్లకు కౌంటర్లో కవరు చేతిలో పెట్టి పంపేస్తున్నారు, అది నా కళ్ల ముందే చూశాను. మామ వయసు మొదట తప్పుగా టైపు చేశారు, చెప్పాక మార్చారు. గుండె రిపోర్టులో పేరు, వయసు, స్కాన్ తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోవడం సెంటరు పని, రోగి పని కాదు. స్కాన్ తీసిన తేదీ, మళ్లీ చదివిన తేదీ రెండూ రిపోర్టులో వేరువేరుగా ఉండాలి, మాదాంట్లో రెండోదే ఉంది. తర్వాత ఎప్పుడైనా పోల్చి చూడాలంటే మొదటి తేదీయే ముఖ్యం. లిఫ్ట్ చిన్నది, వీల్‌చైర్ పట్టదు. గుండె, మోకాళ్ల రోగులు వచ్చే చోట ఇది సర్దుకుపోయే విషయం కాదు.

హైదరాబాద్ సెంటరుకు ఫోన్ చేసి, మీ రిపోర్టుకే గ్రేడు జతచేసి ఇవ్వండని కూడా అడిగాను. డాక్టర్ అడిగితేనే ఇస్తామన్నారు. రోగి అడిగినా ఇవ్వాలి. వాళ్ల దగ్గర అవే బొమ్మలు, అదే సాఫ్ట్‌వేర్, చదువుకున్న రేడియాలజిస్టులు ఉన్నారు. ఇంప్రెషన్‌లో మొదటి వరుస రాయడానికి వాళ్లకు పట్టే సమయం ఎంత? ఆ ఒక్క వరుస లేక మేం నెల రోజులు టెన్షన్‌తో బతికాం.

కాబట్టి స్కాన్ బుక్ చేసే ముందే ఫోన్‌లో అడగండి: రిపోర్టులో క్యాడ్-రాడ్స్, పీ రెండూ రాస్తారా? నాళం వారీగా శాతం వరస ఇస్తారా? సీడీలో మొత్తం డేటా ఇస్తారా, నాలుగు బొమ్మలేనా? ఈ మూడింటికీ తేటగా జవాబు చెప్పని చోట తక్కువ రేటని ఒప్పుకోవద్దు. ఇప్పటికే చేయించుకుని, రిపోర్టు అర్థం కాక తిరుగుతున్న వాళ్లు స్కాన్ మళ్లీ తీయించుకోకముందే సీడీ మళ్లీ చదివించుకోండి. నల్లగొండ సెంటరులో ఆదివారం తప్ప రోజూ ఉదయం పూట సీడీలు తీసుకుంటున్నారు. ఆధార్ అడగరు కానీ పాత రిపోర్టు ఒరిజినల్, ఎకో, మందుల చీటీ వెంట ఉండాలి. సీడీ వెనక్కి ఇచ్చేదాకా రసీదు దాచుకోండి. నొప్పి ఇప్పుడు ఉన్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడు వస్తున్నా మాత్రం ఈ రిపోర్టులన్నీ పక్కన పెట్టి 108కు ఫోన్ చేయండి.